జనరల్ ఇవాన్ ఫిచెవ్: యుద్ధం గెలిపించిన మనిషిని యుద్ధమంత్రి కుర్చీలోంచి ఎందుకు దించారు?

ఫిచెవ్ గురించి ఒక వ్యాసం చదివి, పని సరిగా చేయలేదనే ఆయన్ను తీసేశారని రాస్తూ మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. 1912లో టర్కీతో జరిగిన యుద్ధంలో బల్గేరియా సైన్యాన్ని నెల తిరక్కుండా ఇస్తాంబుల్ పొలిమేరల దాకా తీసుకెళ్లిన పథకం ఇవాన్ ఫిచెవ్‌ది అయితే, చాలా పుస్తకాల్లో సేనానిగా జనరల్ సావొవ్ పేరే ఎందుకు కనిపిస్తుంది అన్నది మొదటిది. అంత పనిమంతుణ్ని 1914లో యుద్ధమంత్రిని చేసి పదకొండు నెలలకే ఎందుకు సాగనంపారు అన్నది రెండోది. రెండిటి జవాబూ ఒక్కచోటే ఉంది. ఫిచెవ్ లెక్కలు వేసుకుని నడిచే మనిషి. ఆయన పైనున్న రాజుకు లెక్కలంటే చిరాకు.

పోటీ పరీక్షల పిల్లలకు ప్రపంచ చరిత్ర చెప్పడం మొదలుపెట్టి నాకు పాతికేళ్లు దాటింది. మన దగ్గర బాల్కన్ యుద్ధాలంటే (1912లో బల్గేరియా, సెర్బియా, గ్రీసు ఒక పక్షంగా టర్కీతో, 1913లో బల్గేరియా ఆ పాత మిత్రులతో చేసినవి) మొదటి ప్రపంచ యుద్ధ కారణాల కింద నాలుగు లైన్లు. అందులో బల్గేరియా వాటా ఒక్క వాక్యం: అత్యాశకు పోయి మిత్రుల మీదే దాడి చేసి ఓడిపోయింది. తప్పని అనను. కానీ బల్గేరియాలో ఎవరికి అత్యాశ, ఎవరు వద్దన్నారు, వద్దన్నవాళ్లను ఏం చేశారు అన్నది ఆ వాక్యంలో ఉండదు. ఫిచెవ్ ఉద్యోగ జీవితం చూస్తే అది తెలుస్తుంది.

ముందు ఒక జాగ్రత్త. బల్గేరియా 1916 దాకా పాత జూలియన్ క్యాలెండర్ వాడింది. 20వ శతాబ్దంలో ఆ తేదీలు మన తేదీల కంటే 13 రోజులు వెనక ఉంటాయి. అందుకే ఒకే యుద్ధం ఒక పుస్తకంలో అక్టోబర్ 5న మొదలవుతుంది, ఇంకో పుస్తకంలో అక్టోబర్ 18న. నేను కింద రాసేవన్నీ ఇప్పటి క్యాలెండర్ తేదీలు. మీకు తేదీలు కలవలేదన్నారు కదా, గొడవంతా ఇదే.

ఫిచెవ్ 1860లో తర్నొవొ పట్టణంలో పుట్టాడు. తాత కోల్యు ఫిచెటో 19వ శతాబ్దపు బల్గేరియాలో అందరికీ తెలిసిన మేస్త్రి. చర్చిలు, వంతెనలు కట్టాడు. యాంత్రా నది మీద బ్యాలా దగ్గరున్న రాతి వంతెన ఆయన పనే, అదీ టర్కీ గవర్నర్ మిధత్ పాషా కట్టించింది. ఆ తాత మనవడు కొలతలు లేకుండా అడుగు వేయకపోవడంలో వింతేమీ లేదని నాకనిపిస్తుంది. ఇది చరిత్రకారుడి మాట కాదు, నా సరదా మాత్రమే.

సోఫియా సైనిక పాఠశాలలో చదివి ఆఫీసరయ్యాక కొన్నాళ్లకే 1885 వచ్చింది. బల్గేరియా దక్షిణాన ఉన్న తూర్పు రుమేలియాతో ఏకమైంది. తమను అడక్కుండా చేశారని రష్యా జారుకు కోపమొచ్చి, బల్గేరియా సైన్యంలో ఉన్న తన అధికారులందర్నీ వెనక్కి పిలిచేశాడు. అప్పటిదాకా పెద్ద పదవులన్నీ రష్యన్లవే, చివరికి యుద్ధమంత్రి కూడా రష్యా జనరలే. రాత్రికి రాత్రే పైన ఎవరూ లేకుండా పోయారు. మిగిలిన బల్గేరియన్లలో పెద్ద హోదా అంటే కెప్టెన్. అదే అదనుగా నవంబర్‌లో సెర్బియా రాజు దాడి చేశాడు, స్లివ్నిత్సా దగ్గర చిత్తుగా ఓడాడు. కెప్టెన్లు జనరల్స్‌ను కొట్టిన యుద్ధం అని బల్గేరియన్లు ఇప్పటికీ మురిసిపోతారు. ఫిచెవ్ తరమంతా ఆ యుద్ధంలో తయారైన తరమే. మన మీద మనకు నమ్మకం ఉంటే చాలు, గెలిచేస్తాం అన్న ధీమా వాళ్లలో చాలామందికి అక్కడే పట్టుకుంది. ఫిచెవ్‌కు అది అంటినట్టు కనిపించదు. ఆ తర్వాత ఆయన ఇటలీలోని తురిన్‌లో స్టాఫ్ ఆఫీసర్ల చదువు చదివాడు. రైళ్లు ఎన్ని బోగీలు మోస్తాయి, ఒక డివిజన్ రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుంది, ఎంత రొట్టె తింటుంది అని నేర్పే చదువది. 1910లో జనరల్ స్టాఫ్‌కు, అంటే యుద్ధ పథకాలు వేసే విభాగానికి, అధిపతి అయ్యాడు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. 1912లో బల్గేరియా సైన్యం పైభాగం ఎలా ఉందంటే: సర్వసేనాధిపతి రాజు ఫెర్డినాండ్. ఆయనకు సహాయకుడి పేరుతో అసలు పెత్తనం చేసేది జనరల్ మిహైల్ సావొవ్. ఇతను అంతకు ముందే రెండుసార్లు యుద్ధమంత్రి (1891–94, 1903–07). రాజుకు దగ్గరివాడు, మంత్రిగా ఉన్నప్పటి కొనుగోళ్ల మీద ఆరోపణలూ మోసినవాడు. వీళ్ల కింద స్టాఫ్ అధిపతిగా ఫిచెవ్. అంటే పథకం వేసేది ఒకరు, ఆజ్ఞ మీద సంతకం ఇంకొకరిది, అసలు కోరిక మూడో మనిషిది. రాజ్యాంగం ప్రకారం రాజును ఎవరూ ప్రశ్నించకూడదు. పని బాగా జరిగితే పేరు పైకి పోతుంది, చెడితే నింద కిందికి జారుతుంది. సావొవ్ పేరు పుస్తకాల్లో ఎక్కువ కనిపించడానికి ఈ సంతకమే కారణం. 1913లో అదే సంతకం అతని మెడకు చుట్టుకుంది కూడా.

పథకం విషయానికొస్తే, టర్కీతో యుద్ధం వస్తే బల్గేరియా ఎటు నుంచి వెళ్తుందో చిన్నపిల్లాడైనా చెప్పగలడు: మారిత్సా నది లోయ వెంట, రైలు పట్టాల వెంట, నేరుగా ఎడ్రియానోపుల్ మీదికి. ఆ కోట ఇప్పటి టర్కీలోని ఎదిర్నే. టర్కులూ అదే అనుకున్నారు. ఫిచెవ్ పథకంలో ఎడ్రియానోపుల్‌ను రెండో సైన్యం చుట్టుముట్టి బంధిస్తుంది, మొదటి సైన్యం దాని పక్కగా తూర్పుకు జరుగుతుంది, రాద్కో దిమిత్రియెవ్ నడిపే మూడో సైన్యం మాత్రం అశ్వికదళం చాటున ఇంకా తూర్పున దాక్కుంటుంది. దారులు సరిగా లేని కొండల పక్క నుంచి దిగి లొజెన్‌గ్రాడ్ (ఇప్పటి కర్క్‌లరేలి) మీద పడటం దాని పని. అటువైపు నుంచి ఇంత పెద్ద సైన్యం వస్తుందని టర్కీ ఊహించలేదు.

దీనికి ఫిచెవ్ ముందే ఒక పెద్ద బేరం కుదుర్చుకోవాల్సి వచ్చింది. మీరు చదివిన వ్యాసంలో ఇది లేదు, కానీ తర్వాతి కథంతా దీని మీదే నడుస్తుంది. 1912 మార్చి 13న సెర్బియాతో కుదిరిన ఒప్పందం, దాని వెంట వచ్చిన సైనిక ఒడంబడిక ప్రకారం బల్గేరియా లక్ష మందిని, అప్పట్లో టర్కీ కింద ఉన్న మాసిడోనియాలోని వర్దార్ లోయకు పంపాలి. అంతమందిని అటు పంపితే తూర్పున చాలరు. అందుకని ఆ వేసవిలో ఫిచెవ్, సెర్బియా స్టాఫ్ అధిపతి పుత్నిక్ కలిసి దాన్ని మార్చుకున్నారు: వర్దార్ సెర్బియా చూసుకుంటుంది, బల్గేరియా దాదాపు మొత్తం బలాన్ని త్రేస్‌లోకి, అంటే ఎడ్రియానోపుల్, ఇస్తాంబుల్ వైపు నేలలోకి, దింపుతుంది. యుద్ధ శాస్త్రం ప్రకారం నూటికి నూరుపాళ్లు సరైన నిర్ణయం. రాజకీయంగా మాత్రం, బల్గేరియా ఏ మాసిడోనియా కోసం యుద్ధానికి దిగిందో ఆ మాసిడోనియాలో అడుగు పెట్టే పని పొరుగువాడికి అప్పజెప్పినట్టయింది. ఫిచెవ్‌ను మెచ్చుకునేవాళ్లు ఈ ముక్క దగ్గర గొంతు తగ్గిస్తారు. పొలం తగాదాల్లో కాగితం ఎవరి దగ్గరుందన్నది కాదు, నాగలి ఎవరిదుందన్నదే చివరికి చెల్లుతుందని ఆ రెండు స్టాఫ్ అధిపతుల్లో పుత్నిక్‌కే బాగా తెలిసినట్టుంది.

బల్గేరియా జనాభా అప్పుడు సుమారు 43 లక్షలు. అందులోంచి దాదాపు 6 లక్షల మందిని సైన్యంలోకి తెచ్చారు. ఊళ్లలో కోతలకు మగాడు లేడు. అక్టోబర్ 18న యుద్ధం మొదలైంది. 22న ఇరుపక్షాల సైన్యాలు ఎదురుపడ్డాయి. 23 రాత్రి వానలో, చీకట్లో టర్కీ దళాలకు వణుకు పుట్టి చెల్లాచెదురయ్యాయి. 24న మూడో సైన్యం లొజెన్‌గ్రాడ్‌లోకి అడుగు పెడితే ఊళ్లో ఎదిరించేవాళ్లే లేరు. వారం తిరిగేలోగా లూలె బుర్గాజ్ దగ్గర ఇంకా పెద్ద పోరు, నవంబర్ 2 దాకా సాగింది. అక్కడా గెలుపే, కానీ చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి 20,000 మంది.

ఈ రెండు గెలుపుల తర్వాతా బల్గేరియన్లు వెంటపడి తరమలేదు. దిమిత్రియెవ్ అభిమానులు ఇక్కడే ఫిచెవ్‌ను తిడతారు. అతి జాగ్రత్త మనిషి, పారిపోతున్న శత్రువును వదిలేశాడు అని. నేనూ చాలాకాలం అలాగే చెప్పేవాణ్ని. తర్వాత మ్యాపు మీద రైలు పట్టాలు గీసి చూశాక మాట మార్చుకున్నాను. బల్గేరియా నుంచి ఇస్తాంబుల్‌కు వెళ్లే రైలు మార్గం ఎడ్రియానోపుల్ గుండానే పోతుంది. ఆ కోట ఇంకా టర్కుల చేతిలో ఉంది. అంటే ముందున్న రెండు సైన్యాల తిండి, మందుగుండు, గాయపడినవాళ్ల తరలింపు అంతా ఎద్దుబండ్ల మీదే. అదీ నవంబర్ వానల్లో, నల్లరేగడి బురద లాంటి దారుల్లో. మన పల్నాడులో ముసురు పట్టినప్పుడు లోడు బండి ఎంత దూరం పోతుందో చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. లూలె బుర్గాజ్ నుంచి చతాల్జా వంద కిలోమీటర్ల పైమాటే.

చతాల్జా అంటే ఇస్తాంబుల్‌కు పడమర, రెండు సముద్రాల మధ్య సన్నటి నేల మీద కట్టిన రక్షణ వరుస. అక్కడికి చేరేసరికి సైన్యానికి కాళ్లల్లో సత్తువ లేదు, పైగా కలరా పట్టుకుంది. సరిగ్గా అప్పుడే టర్కీ ప్రధాని కామిల్ పాషా సంధి అడిగాడు. కావాల్సిందల్లా చేతికొచ్చిన సమయం. బల్గేరియా ప్రధాని గెషొవ్ సంధికే మొగ్గు. దాడి వద్దన్నది ఫిచెవ్ మాట కూడా. ఫెర్డినాండ్‌కు మాత్రం ఇస్తాంబుల్‌లోకి విజేతగా నడవాలని ఉంది. సంధి కబురు వచ్చినా పక్కన పెట్టి దాడికి తోవ ఇచ్చాడు. నవంబర్ 17, 18 తేదీల్లో, పొగమంచులో, కొండల మీదున్న ఫిరంగులకు ఎదురు నడిపించారు. సుమారు 12,000 మంది నష్టం, ఒక్క అడుగు నేల దక్కలేదు. డిసెంబర్ 3న అదే చతాల్జాలో సంధి రాసుకున్నారు. సంతకాలు చేయడానికి వెళ్లిన బల్గేరియా ప్రతినిధుల్లో రాజకీయ నాయకుడు దానెవ్, సావొవ్‌తో పాటు ఫిచెవ్ కూడా ఉన్నాడు. రెండు వారాల ముందు ఊరికే దొరికేదాన్ని 12,000 మందిని పోగొట్టుకుని తెచ్చుకున్నారు.

1913 వసంతానికి ఎడ్రియానోపుల్ కూడా పడింది (మార్చి 26). మే 30న లండన్ ఒప్పందంతో టర్కీ కథ ముగిసింది. ఈలోగా మాసిడోనియాలో నేను పైన చెప్పిన నాగలి సంగతి నిజమైంది. తాను పట్టుకున్న చోటు నుంచి సెర్బియా కదలనంది. గ్రీకులు థెస్సలొనీకిలో అంతకు ముందే, బల్గేరియా డివిజన్ వచ్చే లోపు కూర్చున్నారు. బల్గేరియా సైన్యం త్రేస్ నుంచి పడమటికి నడిచి వచ్చింది, జవాన్లు కోతలకు ఇంటికి పంపమంటున్నారు. ఉత్తరాన రొమేనియా సరిహద్దులో కాపలాకు మనిషి లేడు. ఈ స్థితిలో పాత మిత్రుల మీద యుద్ధం కుదరదన్నది ఫిచెవ్ లెక్క. అది నచ్చలేదు. జూన్ నాటికి ఆయన పక్కకు జరిగాడు, స్టాఫ్ పనులు కల్నల్ నెరెజొవ్ చూస్తున్నాడు. జూన్ 29 రాత్రి రాజు ఇష్టప్రకారం సావొవ్ దాడికి ఆజ్ఞ ఇచ్చాడు. అప్పటికి ప్రధాని అయిన దానెవ్‌కు గానీ మంత్రివర్గానికి గానీ చెప్పలేదు. విషయం తెలిశాక ప్రభుత్వం ఆపమంది, సావొవ్ ఆపించాడు, ఆపించినందుకు రాజు అతన్నే తీసేశాడు. దాడి చేసినందుకా ఆపినందుకా అతని ఉద్యోగం పోయింది అని పిల్లలు అడిగితే, రెండిటికీ అని చెబుతాను.

జూలై 10న రొమేనియా సైన్యం సరిహద్దు దాటింది, అడ్డుకునేవాళ్లే లేరు. అదే నెల మూడో వారంలో టర్కులు ఎడ్రియానోపుల్‌ను తిరిగి ఆక్రమించారు. ఇక బుకారెస్ట్‌లో కూర్చుని పోగొట్టుకున్నవన్నీ రాసిచ్చే పని మిగిలింది. దానికి ఎవర్ని పంపారు? ఆర్థికమంత్రి తోంచెవ్ వెంట ఫిచెవ్‌ను. యుద్ధం వద్దన్నవాణ్ని ఓటమి పత్రాల దగ్గర కూర్చోబెట్టారు. 1913 ఆగస్టు 10 ఒప్పందంలో దక్షిణ దొబ్రుజా రొమేనియాకు పోయింది, మాసిడోనియాలో చాలా భాగం సెర్బియా, గ్రీసు పంచుకున్నాయి. బల్గేరియా చరిత్ర పుస్తకాలు దీన్ని మొదటి జాతీయ విపత్తు అంటాయి. రెండోది కూడా ఉందని ఆ పేరులోనే తెలుస్తోంది కదా.

మీ రెండో ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. 1914 ఆగస్టులో ఐరోపా అంటుకుంది, బల్గేరియా తటస్థంగా ఉంటానంది. సెప్టెంబర్‌లో రాదొస్లావొవ్ మంత్రివర్గంలో ఫిచెవ్ యుద్ధమంత్రి అయ్యాడు. రాదొస్లావొవ్, రాజు ఇద్దరి మనసూ జర్మనీ వైపే. మరి ఇలాంటి మనిషిని ఎందుకు తెచ్చుకున్నారు? అప్పుడు తొందరపడే అవసరం వాళ్లకూ లేదు. గాయపడిన సైన్యాన్ని తిరిగి కూడదీయగల మనిషి కావాలి, తటస్థత నిజమేనని రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్ నమ్మాలి. రెండిటికీ ఫిచెవ్ సరిపోయాడు. కొంచెం కటువుగా చెప్పాలంటే, షాపు ముందు పెట్టిన మంచి బోర్డు లాంటివాడు.

ఆ పదకొండు నెలలూ సోఫియా ఒక సంతలా ఉంది. అందరికీ బల్గేరియా కావాలి, బల్గేరియాకు మాసిడోనియా కావాలి. మాసిడోనియా ఏమో సెర్బియా చేతిలో ఉంది, సెర్బియా ఏమో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాల మిత్రదేశం. అందుకని వాళ్లు 1915 మేలో ఇచ్చిన మాట, యుద్ధం అయ్యాక, సెర్బియాకు వేరే ఏమైనా దొరికితే, కొంత భాగం ఇప్పిస్తాం అన్నట్టుంది. జర్మనీ, ఆస్ట్రియాలకు ఆ మొహమాటం లేదు. వచ్చి తీసుకోండి, మేమూ వస్తాం అన్నాయి. ఒకరిది ప్రామిసరీ నోటు, ఇంకొకరిది రొక్కం. పైగా ఆ వేసవిలో జర్మన్లు రష్యాను తరుముతున్నారు, ఆగస్టు 5న వార్సా పడింది. జర్మనీ పక్షాన చేరిన టర్కీ మీదికెళ్లిన బ్రిటిషువాళ్లు గల్లిపోలిలో ఇరుక్కుపోయి ఉన్నారు. సోఫియాలో టీ తాగేవాళ్లందరికీ గెలిచే గుర్రం ఏదో తెలిసిపోయిందనిపించింది.

ఫిచెవ్‌కు తెలియలేదు, లేదా తెలిసిందని ఒప్పుకోలేదు. సైన్యం రెండేళ్ల కిందటి దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు, రష్యాకు ఎదురు నిలబడే పక్షంలో చేరకూడదు, తొందరపడొద్దు అన్నదే ఆయన వాదన. ఈలోగా ఆగస్టులో లెఫ్టినెంట్ కల్నల్ గాంచెవ్ జర్మనీ ప్రధాన స్థావరం ప్లెస్‌కు వెళ్లి సైనిక ఒప్పందం మాట్లాడుతున్నాడు. యుద్ధమంత్రి నమ్మని ఒప్పందాన్ని, హోదాలో ఆయన కంటే ఎంతో కింద ఉన్న ఆఫీసర్‌తో నడిపించారు. ఆ కాగితం సిద్ధమయ్యాక దాన్ని అమలు చేయాల్సిన కుర్చీలో వద్దు అనే మనిషి ఉండకూడదు. ఆగస్టు 19న ఫిచెవ్‌ను తప్పించి జనరల్ నికొలా జెకొవ్‌ను కూర్చోబెట్టారు. సోఫియాలో ఉన్న బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా రాయబారులు గాలి ఎటు వీస్తోందో ఆ మార్పుతోనే పసిగట్టారు. సెప్టెంబర్ 6న జర్మనీ, ఆస్ట్రియాలతో ఒప్పందం కుదిరింది. మారిత్సా వెంట కొంత భూమి టర్కీ నుంచి ఇప్పించడం అందులో తాయిలం. అక్టోబర్‌లో సెర్బియా మీద దాడి. అంటే మంత్రిని మార్చిన పద్దెనిమిది రోజులకు సంతకాలు, రెండు నెలల్లోపే యుద్ధం. కాబట్టి మీరు రాసినట్టు పని సరిగా చేయలేదని తీసేయలేదు. సైన్యాన్ని కూడదీసే పని అయిపోయింది, బోర్డుతో పని లేదు.

ఇంకో మాట మీరు అడిగారు: ముందే రాజీనామా చేసి విషయం బయటపెట్టొచ్చు కదా అని. చేయాల్సిందేమో. ఆ పదకొండు నెలలు ఆ మంత్రివర్గంలో కూర్చోవడం వల్ల రాజు చేతికి సమయం దొరికిందన్నది నిజం. కానీ ఆ వ్యవస్థలో యుద్ధమంత్రి అంటే ఓట్లతో గెలిచి వచ్చిన రాజకీయ నాయకుడు కాదు, రాజు యూనిఫాం తొడుక్కున్న జనరల్. ఆ సెప్టెంబర్‌లో రాజు ముఖం మీదే ఈ యుద్ధం వద్దని హెచ్చరించినవాడు రైతుల పార్టీ నాయకుడు స్తంబొలీస్కి. అతన్ని జైల్లో వేశారు. ఒక జనరల్‌కు అంత తెగువ ఉండాల్సిందని ఇప్పుడు కూర్చుని అనడం తేలిక.

1918 సెప్టెంబర్‌లో దొబ్రొ పోలె దగ్గర బల్గేరియా రక్షణ వరుస తెగింది, నెలాఖరుకు లొంగిపోయింది, అక్టోబర్ 3న ఫెర్డినాండ్ గద్దె దిగి జర్మనీ వెళ్లిపోయాడు. 1919 నవంబర్ నాటి నేయీ ఒప్పందంలో సైన్యాన్ని 20,000 మందికి కుదించారు, 225 కోట్ల బంగారు ఫ్రాంకుల పరిహారం వేశారు. రెండో జాతీయ విపత్తు ఇదే. సర్వసేనాధిపతి పదవిదాకా ఎదిగిన జెకొవ్ జైలుకెళ్లాడు. మూడో సైన్యం వీరుడు దిమిత్రియెవ్ కథ ఇంకా విచిత్రం: 1914లో రష్యా సైన్యంలో చేరిపోయాడు, 1918లో బోల్షివిక్‌ల చేతుల్లో చచ్చాడు.

ఫిచెవ్ తర్వాతి కాలం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. బాల్కన్ యుద్ధం మీద రాశాడు. ఎవరి మీద నింద పడాలో ఆయనకు స్పష్టమైన అభిప్రాయం ఉంది కాబట్టి ఆ రాతల్ని సాక్ష్యంగా కాక ఒక పక్షం వాదనగా చదవండి. సావొవ్ పక్షం మాట కూడా వినాల్సిందే. యుద్ధం ముగిశాక జైలు నుంచి వచ్చి ప్రధాని అయిన ఆ స్తంబొలీస్కి కాలంలోనే ఇద్దరు జనరల్స్‌కూ రాయబారి పదవులు దక్కాయి. సావొవ్‌ను పారిస్ పంపారు. అతను ఫ్రాన్స్‌లోనే 1928లో చనిపోయాడు. 1921లో ఫిచెవ్‌ను పంపింది బుకారెస్ట్‌కు, ఎనిమిదేళ్ల కిందట ఓటమి పత్రాల కోసం వెళ్లిన ఊరికే. రెండేళ్లు అక్కడ పనిచేసి సోఫియా తిరిగొచ్చాడు, 1931 నవంబర్‌లో పోయాడు.